జంట నెమళ్ళ అగ్గిపెట్టె బొమ్మ

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క మెమో కూడా అందుకోని మనిషిని నేను. అటవీశాఖ డిపోలో టేకు దుంగల మధ్య జీవితమంతా కూర్చుని, పుల్లంత కలప కూడా ఇంటికి తెచ్చుకోకుండా పింఛను దాకా వచ్చినవాణ్ణి. (సరే, ఒక పీట చేయించాను. చిన్న పీట.) అట్లాంటి నేను, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ఎండాకాలం సాయంత్రం మా సిరొంచ గల్లీ నడుమ దొంగగా నిలబడవలసి వచ్చింది. ఫిర్యాదు చేసినవాళ్ళలో ఒక్కరికీ పన్నెండేళ్ళు నిండలేదు. తీర్పు చెప్పే గద్దె మీద నా భార్య ఉంది. ఇక నా గతి ఏమై ఉంటుందో పెళ్ళయినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పాపానికంతటికీ మూలం అగ్గిపెట్టె బొమ్మలు.

మా నాయనది కిరాణా కొట్టు. మాది మహారాష్ట్ర చివరంచున, రెండు దిక్కుల నుంచి సరుకు దిగే ఊరు. ప్రాణహిత నది అవతలి నుంచి నావ మీద ఒక రకం అగ్గిపెట్టెలు వచ్చేవి, ఆలాపల్లి అడవి దారిన లారీలో ఇంకో రకం. నావ పెట్టెల మీద ఓడ, దీపం, ఏనుగు. లారీ పెట్టెల మీద కత్తి, తాళం, మీసాల సిపాయి. రెండు రాజ్యాల అగ్గీ ఒకే పిల్లవాడి జేబులో పడే భాగ్యం ఇంకెవరికి దక్కుతుంది చెప్పండి. బొమ్మ ఉన్న పైఅట్టను బ్లేడుతో కోసి దాచేసేవాణ్ణి. మా కొట్లో అగ్గిపెట్టె కొన్నవాళ్ళకు పైకప్పు లేని ఇల్లు కొన్నట్టుండేది.

అట్లా పదివేల బొమ్మలు పోగుచేశాను. పదివేలన్నది ఊరికి చెప్పిన లెక్క. చెదలు తిన్నవీ, ఒకే బొమ్మ నాలుగేసి సార్లు ఉన్నవీ తీసేస్తే కొన్ని వందలు తేలతాయి. కానీ వాటిలో ఒక మహారాజు ఉన్నాడు. జంట నెమళ్ళు. ఎదురెదురుగా రెండు నెమళ్ళు, నడుమ ఎర్రటి పొద్దు. ఒకే ఒక్కసారి నావ మీద వచ్చి మళ్ళీ ఎన్నడూ రాని పెట్టె అది. దాన్ని మొదట సంపాదించింది నా చిన్ననాటి దోస్తు రహీం. ఆటలో వాడి దగ్గర నేను గెలిచాను. రహీం పెద్దయి దర్జీ అయ్యాడు, మా ఎదురింట్లోనే మిషను పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళకు పైగా నా లాగులూ అంగీలూ కుట్టాడు గానీ, నెమళ్ళను ఒక్కసారి కూడా వాపసు అడగలేదు. ఆటలో పోయింది అడగకూడదన్నది మా కాలపు ధర్మం.

నాకు పింఛను మొదలైన ఏడు, మా రాజవ్వ నేను బొమ్మలు దాచిన రేకుపెట్టె ముందు నిలబడి నడుముకు కొంగు చుట్టింది.

"మిరపకాయలు ఎండినయ్. పోసుకుందామంటే పెట్టె లేదు. నీ అగ్గిపెట్టెల సంసారం ఎప్పుడు ఖాళీ జేస్తవయ్యా?"

"అది ఖజానా, రాజవ్వా."

"ఖజానా అయితే వారసుణ్ణి చూసి అప్పజెప్పు. ఎండకాలం పోయేలోపట ఎవలన్న తీస్కపోతే మంచిది. లేకుంటే పొయ్యిల వెడ్త. అగ్గిపెట్టెలే గద, మంచిగనే అంటుకుంటయ్."

రాజవ్వ పరాచికాలాడే మనిషి కాదు. నా పెళ్ళినాటి కోటు ఏమైందని అడిగితే, ఇవాళ్టికీ గడపలోని కాళ్ళు తుడుచుకునే గుడ్డ వైపు చూపిస్తుంది. అందుకని వారసుల వేటలో పడ్డాను.

మా పెద్దోడి కూతురు స్రవంతి మా దగ్గరే ఉండి చదువుకునేది, అప్పటికి పదేళ్ళు. అది, రహీం మనవడు ఇర్ఫాన్, ఇంకో ముగ్గురు గల్లీ పిల్లలు ఆ రోజుల్లో పహిల్వాన్ల కార్డుల పిచ్చిలో ఉన్నారు. ఒక్కో కార్డు మీద ఒక్కో కండల మనిషి, కింద ఎత్తు, బరువు, ర్యాంకు. ఎవరి అంకె మిన్న అయితే వాళ్ళు అవతలివాళ్ళ కార్డు పట్టుకుపోతారు. వాళ్ళందరినీ అరుగు మీద కూర్చోబెట్టి, పెళ్ళిచూపుల్లో పిల్లను ముందుకు తెచ్చినట్టు ఏనుగు బొమ్మను ముందుకు జరిపాను.

స్రవంతి అటూ ఇటూ తిప్పింది. "తాతా, దీని ర్యాంక్ ఏది?"

"ఏనుగుకు ర్యాంకేంది బిడ్డా."

"పోనీ వజన్?"

"కమలాపూర్ ఏనుగుల క్యాంపుల చూసినవ్ గద. గంత ఉంటది."

"గంత అంటే ఎంత? రాసి లేదు." మరాఠీ బడిలో చదివే పిల్ల, బొమ్మ కింద ఉన్న తెలుగు అక్షరాల మీద వేలు పెట్టింది. "గీ గీతలేంది?"

"అక్షరాలే. ఏనుగు అని."

"ఏనుగు బొమ్మ వేసి మళ్ళ ఏనుగు అని రాసుడెందుకు?"

ఇంతసేపూ దవడ కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్న ఇర్ఫాన్ అడిగాడు. "దాదా, ఇది ఎవలను ఓడగొట్టింది?"

"ఏనుగు ఎవలనూ ఓడగొట్టదురా. దుంగలు గుంజుతది."

"అంటే కూలికి పోతది అన్నట్టు," అని వాడు జాలిగా బొమ్మను నా చేతిలో పెట్టేశాడు.

ఊరికే ఇస్తానన్నాను, వద్దన్నారు. బెల్లం మిఠాయి కలిపి ఇస్తానన్నాను, మిఠాయి తీసుకున్నారు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ, అసలు లోకువ ఊరికే ఇస్తానని వెంటపడేవాడు. అప్పుడు నాకు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. నా జీవితంలో మహత్తరమైన ఆలోచన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఏడ్చారని అప్పుడైనా గుర్తుకు రావలసింది.

మా చిన్ననాటి ఆట నేర్పుదామనుకున్నాను. మట్టిలో గిరి గీసి, నడుమ బొమ్మల అట్టలు కుప్ప పెట్టి, నదిలో దొరికే పలచటి రాతిబిళ్ళ విసరాలి. గిరి దాటి బయటపడ్డ అట్టలు కొట్టినవాడివి. పిల్లలు కార్డులు ఒడ్డుతారు, నేను బొమ్మలు ఒడ్డుతాను. చక్కగా ఓడిపోతాను. బొమ్మలు పిల్లలకు చేరతాయి, మిరపకాయలు పెట్టెకు చేరతాయి. ఓడిపోవాలన్నదే నా ఉద్దేశం. దేవుడి మీద ఒట్టు.

సాయంత్రం గిరి గీశాను. పొద్దు వాలుతున్న దిక్కుకు వీపు పెట్టి నిలబడ్డాను.

"తాతా, మాకు ఎండ కండ్లల్ల కొడుతుంది," అంది స్రవంతి.

"గిరి గీసినోడు కోరుకున్న దిక్కు. అది కాయిదా," అన్నాను. ఆ కాయిదా నా నోట్లో అప్పుడే పుట్టింది.

బిళ్ళ చేతిలోకి తీసుకున్నాను. ఇక అక్కడి నుంచి నా తప్పు లేదు, తప్పంతా చేతిది. నలభై ఏళ్ళు కలం పట్టిన చెయ్యి, బిళ్ళ తగలగానే పన్నెండేళ్ళదైపోయింది. మొదటి ఏటుకే ఇద్దరు పహిల్వాన్లు గిరి దాటి నా కాళ్ళ దగ్గర పడ్డారు. రెండో ఏటుకు ముగ్గురు. ఓడిపోవాలన్న ఉద్దేశం మూడో ఏటు దాకా గుర్తుంది.

"నాదే పాళీ గద దాదా, నువ్వు మళ్ళ కొడుతున్నవేంది?" అన్నాడు ఇర్ఫాన్.

"పెద్దోళ్ళకు రెండు ఏట్లు. కాయిదా."

"ఈ కాయిదాలు ఎక్కడ రాసి ఉన్నయ్?" అంది స్రవంతి.

"అన్నీ రాసుండవు బిడ్డా. ఇంకోటి చెప్తున్న, యాది పెట్టుకోండ్రి. ఆటల పోయింది అడుగొద్దు."

పొద్దు గుంకే వేళకు గల్లీలోని పహిల్వాన్లందరూ నా అంగీ జేబుల్లో ఉన్నారు. ఈల వేసుకుంటూ ఇంట్లోకి పోయాను. అక్కడ మా ఆవిడ ముఖం చూశాక గుర్తుకొచ్చింది, నేను ఓడిపోవడానికి వెళ్ళినవాణ్ణని.

ఇంతలో వాకిట్లో ఏడుపులు. ఇర్ఫాన్‌ను చెయ్యి పట్టుకుని వాళ్ళ అమ్మ షబానా, వెనకాల మిగతా తల్లులు.

"చాచా, జర శరమ్ ఉండాలె," అంది షబానా, నవ్వు ఆపుకుంటూ. "పిలగాడు అన్నం ముట్టుత లేడు. మీకు ఆ కార్డులెందుకు?"

"ఆడి గెలిచిన షబానా. దొంగతనం చెయ్యలే."

"ఆడి గెలిచిండట," అని రాజవ్వ తల్లులందరికీ నన్ను చూపించింది, సంతలో పన్ను లేని ఎద్దును చూపించినట్టు. "మనవరాలి ముంగట గెలిచి మురుస్తుండు. ఇంట్ల ఒక్కనాడు గెలిచింది లేదు, అందుకే వాకిట్ల పడ్డడు. ఇచ్చెయ్యి."

ఇచ్చేస్తే కథ అక్కడితో ముగిసేది. కానీ ముసలి మగవాడికి పౌరుషం, ముసలి ఎద్దుకు ఉల్లాసం ఒకేసారి వస్తాయి, రెంటివల్లా బండి బోల్తాపడుతుంది.

"ఆటల పోయింది అడుగొద్దు. కావాలంటే రేపు వచ్చి గెలుచుకొమ్మను," అన్నాను.

ఎదురరుగు మీద గుండీలు కుడుతున్న రహీం తలెత్తాడు. దారం పంటితో కొరికి తెంపాడు. "ఖరే అన్నవ్ మల్లేశ్," అన్నాడు. "గట్లనే కానీ."

ఆ మాటలోని మెత్తదనం చూసైనా నేను జాగ్రత్త పడవలసింది.

మర్నాడు సాయంత్రం బయటికొచ్చేసరికి గిరి గీసి ఉంది. పొద్దుకు వీపు పెట్టి ఐదుగురు పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. ప్రతివాడూ నిన్న ఒడ్డకుండా లాగు జేబులో దాచుకున్న ఒక్కో కార్డు పట్టుకొచ్చాడు. వాళ్ళ పక్కన మెడలో కొలత టేపుతో రహీం.

"దిక్కు మార్చుండ్రి," అన్నాను.

"గిరి గీసినోడు కోరుకున్న దిక్కు తాతా," అంది స్రవంతి. "కాయిదా."

ఎండ నా కళ్ళద్దాల మీద పడి ఒక్క పొద్దు నాలుగు పొద్దులైంది. ఈ రహస్యం రహీంకు తప్ప ఎవరికి తెలుసు. చిన్నప్పటి నుంచీ నేను పడమటి దిక్కు వదలనిది ఎందుకో వాడొక్కడికే తెలుసు. నా బిళ్ళ గిరిలో కాక మురిక్కాలువలో పడింది. రెండో ఏటుకు చెయ్యెత్తితే రహీం అడ్డుకున్నాడు.

"పెద్దోళ్ళకు గద రెండు ఏట్లు. నేను నీకన్న ఆరు నెలలు పెద్ద. పోరల తరఫున నేను గూడ ఆడుత. రెండు ఏట్లు నాయి."

తాతకు దగ్గులు నేర్పినట్టు అని మనవాళ్ళు వెక్కిరిస్తారు. నేర్పుతారండీ. నాకు ఆ సాయంత్రం ఐదుగురు కలిసి దగ్గు నేర్పారు, ఊపిరాడనివ్వలేదు. పహిల్వాన్లు పోయారు. ఓడ పోయింది, కత్తి పోయింది, మీసాల సిపాయి మీసాలతో సహా పోయాడు. కూలికి పోయే ఏనుగును ఇర్ఫానే గెలిచి ముద్దు పెట్టుకున్నాడు. నేను లోపలికి పోవడం, పెట్టెలోంచి గుప్పెడు తేవడం, అవీ పోవడం. గడపలో కూర్చున్న రాజవ్వ పెట్టె ఎంత ఖాళీ అయితే అంత మిరపకాయలు పోసుకుంటూ వచ్చింది.

చివరికి జంట నెమళ్ళు మిగిలాయి. అప్పుడైనా లేచిపోవచ్చు. "ఇది గెలిస్తే అన్నీ వాపస్," అన్నాను, జూదంలో ఇల్లు పోగొట్టుకున్న ప్రతివాడూ అనే మాటే.

నా ఏటు గురి తప్పింది. రహీం మొదటి ఏటు నెమళ్ళ పక్కనుంచి, తగిలీ తగలకుండా పోయింది. నా ప్రాణం సగం తిరిగొచ్చింది. రెండో ఏటుకు వాడు బిళ్ళను అరచేతిలో ఒకసారి తూచి చూసుకుని, స్రవంతి వైపు చాపాడు.

"నా ఏటు నీకిస్తున్న బేటీ. నువ్వు కొట్టు."

పక్కన సొంత మనవడుండగా వాడు ఆ బిళ్ళను మా ఇంటి పిల్లకు ఎందుకిచ్చాడో అప్పుడు నాకు తట్టలేదు. స్రవంతి నాలుక బయటపెట్టి, ఒక కన్ను మూసి కొట్టింది. నెమళ్ళు గిరి దాటి, గాల్లో ఒక మొగ్గ వేసి, దాని కాళ్ళ ముందు వెల్లకిలా పడ్డాయి.

"బిడ్డా, అది ఆడేది కాదు, దాచుకునేది. జర తాతకు..."

"ఆటల పోయింది అడుగొద్దు తాతా."

గల్లీ అంతా నవ్వింది. రాజవ్వ పెట్టె మూత వేసి దాని మీదే కూర్చుంది.

వారం తర్వాత అరుగు మీద పిల్లలు గుంపుగా కూర్చుని ఉంటే తొంగిచూశాను. ప్రతి బొమ్మ వెనకా పెన్నుతో లెక్కలు రాసేశారు. ఏనుగు, ర్యాంకు ఒకటి. దీపం, చీకటిని ఓడగొట్టింది. నలభై ఏళ్ళు గీత పడకుండా కాపాడిన అట్టల మీద నీలం సిరా. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. మరుక్షణం స్రవంతి ఒక తెలుగు అట్ట పట్టుకొచ్చి అడిగింది, "తాతా, ఇదేం అక్షరం? ఇర్ఫాన్ గాడు ళ అంటుండు, నేను శ అంటున్న." ఇద్దరూ తప్పే. ఆ ఎండాకాలంలో మా గల్లీ పిల్లలకు అక్షరాలు నేర్పిన బడి నా పోయిన ఆస్తి. ఊరికే ఇస్తే మిఠాయి మాత్రమే తీసుకున్నవాళ్ళు, గెలిచాక కంపాస్ పెట్టెల్లో దూది పరిచి దాచారు.

రహీం పుణ్యాన మా ఇల్లు దాటిపోని నెమళ్ళను ఒక్కసారి చూస్తానని అడిగాను.

"చూసుడు వరకే," అంది స్రవంతి. "ముందుగాల చేతులు కడుక్కొని రా."

కడుక్కుని వచ్చాను. తుడుచుకుని కూడా వచ్చాను.

అదే స్రవంతి ఇప్పుడు ముల్చేరలో సర్కారు నౌకరీ చేస్తోంది. నిన్న వచ్చింది. సంచిలో ఆ కంపాస్ పెట్టె, దాంట్లో అవే నెమళ్ళు. ముసలివాణ్ణి, ఇంక ఎన్నాళ్ళుంటాను, ఇచ్చేయరాదా అన్నాను. దగ్గాను కూడా. "ఆడి గెలుచుకో తాతా," అంది.

కాబట్టి ప్రాణహిత సాక్షిగా, ఎదురరుగు మీద చెవులు రిక్కించి వింటున్న రహీం సాక్షిగా, మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక రాతిబిళ్ళ ముట్టను. పిల్లలతో పందెం కట్టను. కాయిదాలు పుట్టించను. ఈ ప్రమాణం రేపు పొద్దున్నుంచి అమలు. ఇప్పుడు సాయంత్రం కావొస్తోంది, స్రవంతి లోపల చాయ్ తాగుతోంది. గిరి నేనే గీశాను, పొద్దు నా వీపు మీద ఉంది.