ఉత్తుత్తి ఊళ్ళో పాలు పొంగిన ఇల్లు

కన్నడ సీమలో, గుడిబండె అవతల రాళ్ళ గుట్టల మధ్య ఒక ఉత్తుత్తి ఊరు కట్టారు. వీధులున్నాయి, అంగళ్ళున్నాయి, బస్టాండూ ఉంది. మనుషులే లేరు. దుండగులు ఊళ్ళో చొరబడి జనాన్ని పట్టుకుంటే ఎలా విడిపించాలో కమాండోలు అక్కడ నేర్చుకుంటారట. ఊరన్నాక జనం కావాలి గదా! అందుకని బాగేపల్లి నుంచి మాలాంటి ఆడవాళ్ళను వ్యానులో తీసుకుపోయేవారు. చిక్కుకుపోయినట్టు ఇంట్లో కూర్చోవాలి, కమాండోలు వస్తే వాళ్ళతో బయటికి రావాలి. అంతే పని. మా ఇంటి పనికంటే చాలా నయం.

మొదటిసారి నేనూ మా తోడికోడలూ కలిసే పోయాం. అక్కడి అధికారి ఒక ఇల్లు చూపించి, "ఇదేనమ్మా మీ ఇల్లు" అన్నాడు ఆమెతో. పెళ్ళయినప్పటి నుంచి బాడిగ ఇళ్ళలోనే కాపురం చేసిన మనిషి. ఆ మాట మనసులో ఎక్కడ పడిందో, ఆ రోజంతా గోడలు నిమురుతూనే ఉంది.

రెండోసారి పోయినప్పుడు, లోపలికి అడుగు పెట్టగానే సంచి విప్పింది. పసుపు కుంకుమ పెట్టిన గిన్నె, సీసాలో పాలు, గుప్పెడు పుల్లలు!

"ఏమ్మే, నీకేమన్నా తిక్కనా? ఇది ఉత్తుత్తి ఇల్లు!" అన్నాను.

"ఉండనీ అక్కా. బాడిగిండ్లల్లో ఎన్నిసార్లు పొంగించినా, అవి వాళ్ళింట్లో పొంగినట్టే. ఇది నా ఇల్లని ఆయప్పే చెప్పినాడు కదా."

మూడు రాళ్ళు పెట్టి మంట వేసింది. పాలు ఇంకా కాగనే లేదు, సైరన్ మోగింది. పొంగకముందే లేస్తే అపశకునం. ఆమె గబగబా ఇంకో రెండు పుల్లలు మంటలోకి తోసింది.

తలుపు దభాలున తెరుచుకుంది. తుపాకీతో ఒక కమాండో లోపలికి దూకాడు.

"లెయ్‌మ్మా, బయటికి పోదాం!" మాట చూస్తే మా తెలుగే, చింతామణి వైపు అబ్బాయే.

"రవ్వంతసేపు ఉండప్పా. పాలు పొంగినాక యాడికైనా ఎత్తుకపో."

అతను గిన్నె వైపు చూశాడు. "గృహప్రవేశమామ్మా?"

"ఊఁ. తూర్పుకు అడ్డం నిలబడొద్దు, పక్కకు జరుగు."

జరిగాడు! బయట అధికారి, ఆ పొగేమిటని కన్నడంలో కేకలు పెడుతున్నాడు. ఇతను మైకులో, "ఎరడు నిమిష సార్" అని గొణుగుతూ రెండు నిమిషాలు గడువు అడిగి, తనూ గిన్నెలోకి వంగి చూడసాగాడు.

పాలు బుస్సున పొంగాయి.

"తూర్పుకే అక్కా!" అని కేక వేసి, చేతులు చాచింది మా తోడికోడలు. "ఊఁ, ఇప్పుడు కాపాడప్పా!"

అతను ఆమెను భుజాన వేసుకుని పరుగెత్తాడు. ఆ భుజం మీది నుంచే నాకు పురమాయింపు: "అక్కా, మంట ఆర్పు! ఆ పాలు అందరికీ తలా ఇంత పొయ్!"

అధికారి మమ్మల్ని కడిగేశాడు. శిక్షణలో నిప్పు పెడతారా అని. తిట్టడం అయ్యాక అరగ్లాసు పాలు తాగాడు.

మొన్న మళ్ళీ పోతే, ఆ ఇంటికి బ్యాంకు బోర్డు తగిలించి ఉంది. మా తోడికోడలు వ్యాను దిగీ దిగగానే నేరుగా అధికారి దగ్గరికి నడిచింది.

"ఏమప్పా, నా ఇంట్లో బ్యాంకు పెట్టినారే! నన్నొక మాట అడగొద్దా?"