రెగ్జిన్ జారిన సంగతి

నేను పీహెచ్‌డీ చేసింది కుట్టు మీద అంటే మా బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. మందపాటి గుడ్డల్ని పొరలుగా కలిపి కుడితే అవి ఎలా వంగుతాయో, ఎక్కడ ముడత పడతాయో కుట్టకముందే కంప్యూటర్లో చూపించడం నా పని. విజయవాడలో మా కాలేజీ ల్యాబులో రెండేళ్లు కూర్చుని ఒక మోడల్ తయారు చేశాను. తెర మీద కుట్టు గీత గీసినట్టు వచ్చేది. అదే రెగ్జిన్, అదే కాన్వాస్ నిజంగా కుట్టిస్తే అలలు అలలుగా లేచేది.

"కుట్టేవాళ్ల దగ్గర ఎప్పుడైనా కూర్చున్నావా అమ్మా?" అన్నారు మా గైడు గారు. లేదు.

మర్నాడే హనుమాన్ జంక్షన్ బస్సెక్కాను. అక్కడ రోడ్డు పక్కన లారీ సీట్లు కుట్టే షాపు ఉంది. మిషను మీద ఉన్నది యాభై ఏళ్ల ముస్లిం ఆవిడ. ఆమె భర్త పాత సీట్లు విప్పి ఇస్తున్నారు. నా గోడు విని ఆవిడ పకపకా నవ్వింది.

"కంప్యూటర్లో కుడతావా? దారం పెట్టక్కర్లేదు, అదృష్టవంతురాలివి! ఇలా కూర్చో."

రెండు పట్టీలు సమానంగా కోసి నాచేత కుట్టించింది. చివరికొచ్చేసరికి పై పట్టీ బొటనవేలంత మిగిలిపోయింది.

"నేనేం తప్పు చేశానక్కా?"

"నువ్వేం చెయ్యలేదమ్మా. కింద మిషను పళ్లు కింది గుడ్డని లాక్కుపోతాయి. పైదాన్ని సూది పక్కనుండే ఈ ఫుట్ తొక్కిపెడుతుంది, అది వెనకబడుద్ది. రెండూ జారిపోతాయి. అందుకే పైదాన్ని నేను చేత్తో నెడుతుంటా."

నాకు చెంపదెబ్బ తగిలినట్టయింది. నా మోడల్లో పొరలు రెండూ జిగురుతో అంటించినట్టు కదలవు! సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది.

వెళ్లి పొరలు జారేలా లెక్కలన్నీ తిరగరాశాను. మూడు నెలలకు తెర మీద కూడా ముడతలొచ్చాయి. వాటిని చూసి అంత మురిసిపోయినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. అంతలో మోడల్ ఇంకో మాట చెప్పింది: ఫుట్ బిగువు తగ్గిస్తే జారడం బాగా తగ్గుతుందట. ల్యాప్‌టాప్ పట్టుకుని మళ్లీ షాపుకు వెళ్లాను.

"లావు గుడ్డకి బిగించాలమ్మా, వదులు చేస్తారా ఎవరైనా?" అంది ఆవిడ.

"ఒక్కసారి చూడండక్కా."

అయిష్టంగానే స్క్రూ రెండు చుట్లు వదిలి, చెయ్యి పెట్టకుండా కుట్టింది. పట్టీల కొసలు దాదాపు కలిశాయి. వేలితో తడిమి చూసింది. ఇంకో పట్టీ కుట్టింది. అదీ అంతే.

"ఇరవయ్యేళ్లుగా నెట్టి నెట్టి మణికట్టు నొప్పెడుతోంది నాకు," అని భర్త వైపు తిరిగింది. "ఏవండీ, ఇటు రండి. ఈ పిల్ల కంప్యూటర్లో నిజంగానే కుట్టింది!"

ఆయన వచ్చి, కళ్లజోడు సవరించుకుని, ముందు దారం ఎక్కడుందా అన్నట్టు ల్యాప్‌టాప్ వెనక్కి తొంగి చూశారు.