అందిందని చెప్పేదాకా

మొన్న తెల్లవారుజామున వడమాలపేట నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. "మామ పోయినాడు అమ్మీ. నీ కింద ఇద్దరికీ చెప్పు" అంది. ఏడుపు అదుముకుని, నేను తిరిగి చెప్పేదాకా ఆగింది. "మామ పోయినాడు. నా కిందోళ్ళకి చెప్తా" అన్నాను. అప్పుడు ఏడ్చాం ఇద్దరం.

ఇది మీకు వింతగా ఉండొచ్చు. మా మేనమామ సైన్యంలో వైర్‌లెస్ సెట్ దగ్గర పనిచేసి, తిరుపతిలో స్థిరపడ్డాడు. ఇంట్లో ఏ కబురైనా ఆయన ఇద్దరికే చెప్పేవాడు. ఆ ఇద్దరూ చెరో ఇద్దరికి చెప్పాలి. విన్నవాళ్ళు విన్నది తిరిగి అప్పజెప్పాలి. చివరివాళ్ళు నేరుగా ఆయనకే ఫోన్ చేసి "అందింది" అనాలి. ఆ ఫోన్లన్నీ వచ్చేదాకా కంచం ముందు కూర్చునేవాడు కాదు. సీమంతం పిలుపు కూడా మాకు యుద్ధానికి పిలిచినట్టే ఉండేది. వాట్సాప్‌లో పడేస్తే పోదా అని ఒకసారి ఎగతాళి చేశాను. "సంతలో కేకేసినట్టు అందరికీ వేసేస్తే, ఎవురు సూసినారో ఎట్ల తెలుస్తాది?" అన్నాడు.

ఈ చాదస్తం ఎక్కడిదో తర్వాత ఆయనే చెప్పాడు. ఒక చలికాలం మంచు దారులు మూసేసి, కొండమీది కాపలా చౌకీలో ఆయనా తోటి జవాన్లూ ఇరుక్కుపోయారట. పైనున్న మంచు జారేలా ఉందని, తమకోసం ఎవరినీ పంపొద్దని కింది శిబిరానికి కబురు పంపాడు. జవాబు వచ్చేలోపే సెట్ బ్యాటరీ అయిపోయింది. తమను కాపాడాలని ఎవరైనా ఎక్కి వస్తున్నారేమోనని, చిన్న చప్పుడైనా ఉలిక్కిపడుతూ రోజులు గడిపారు. కబురు అందిందనీ, ఎవరూ బయలుదేరలేదనీ దారి తెరుచుకున్నాకే తెలిసింది. "మంచు కంటే అదే నరకం అమ్మీ. సెప్పినాం. యిన్నారో లేదో తెలీదు" అన్నాడు.

ఈ యేడు పక్షవాతం వచ్చి మామకు మాట పడిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒకేసారి మాట్లాడేవాళ్ళు. ఆయన ఏదో చెప్పాలని గింజుకునేవాడు, వట్టి శబ్దం వచ్చేది. "సరే సరే, పడుకో మామా" అనేవాళ్ళం. అర్థం కాకుండా సరే అనడం ఆయన లెక్కలో మహాపాపం. ఆ మాట వినగానే కళ్ళు మూసుకునేవాడు. ఆయన్ని మళ్ళీ ఆ చౌకీలోకే తోసి తలుపు వేసినట్టు అనిపించేది నాకు. ఒకరోజు చెయ్యి పట్టుకుని "అందలేదు మామా, మళ్ళీ చెప్పు" అన్నాను. కళ్ళు తెరిచాడు. మళ్ళీ చెప్పాడు. "అందలేదు మామా." మళ్ళీ. సాయంత్రమంతా అలాగే గడిచింది. విన్నట్టు నటించకుండా ఉండటం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఆ రుణం తీరేది కాదు. చివరికి నా వేళ్ళు వదలకుండానే నిద్రపోయాడు. ఆ కబురేమిటో ఇప్పటికీ మాకెవరికీ తెలియదు.

నేను వెళ్ళేసరికి పాడె సిద్ధంగా ఉంది. ఎండెక్కుతోందని పెద్దలు తొందరపెడుతున్నారు. అత్త మాత్రం మామ కుర్చీలో, ఆయన ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"సత్యవేడు నుంచి అందిందని ఇంకా ఫోన్ రాలా. అంతవరకూ ఎత్తొద్దండప్పా" అంది.

పాడె చుట్టూ నిలబడి, అందరం ఆ ఫోన్ వంకే చూస్తూ ఉండిపోయాం.