రెండు ఇరుక్కులు

నాకు భయం ఎక్కువ. బల్లి మీద పడితే వీధి చివరిదాకా వినిపించేలా కెవ్వుమంటాను. లిఫ్టు ఒంటరిగా ఎక్కను. సముద్రం పక్కనే కాపురం పెట్టి ఇన్నేళ్ళయినా మోకాలి లోతు దాటి నీళ్ళలో దిగింది లేదు. అలాంటి నేను కారు పందేల్లో స్టీరింగు పట్టుకున్నానంటే యానాంలో మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. "నీ మొహం" అని ఫోను పెట్టేస్తుంది.

పందేలంటే టీవీలో చూపించేవి కావు. కాలాపేట దాటాక ఎవరో ఏదో కట్టబోయి మానేసిన సిమెంటు నేల ఒకటి ఉంది. అప్పుడప్పుడూ ఆదివారం పూట కారు పిచ్చోళ్ళంతా అక్కడ చేరతారు. నారింజ రంగు కోన్లు వంకరటింకరగా పేర్చి కార్లను ఒక్కొక్కటిగా వదులుతారు. కోన్లు పడకుండా ఎవరు తొందరగా తిరిగొస్తే వాళ్ళు గెలిచినట్టు. వచ్చేవన్నీ వారమంతా ఆఫీసుకీ కూరగాయలకీ తిరిగే కార్లే. సీటు కంపెనీ వాడిచ్చిన సీటే, బెల్టు వాడిచ్చిన బెల్టే.

ఆ పిచ్చి మా ఆయనది, నాది కాదు. వాళ్ళది తాతల కాలం నుంచీ పుదుచ్చేరిలోనే ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ అక్షరాలు రావు. నేను ఉద్యోగం బదిలీ మీద యానాం నుంచి వచ్చి, ఆయన్ని చేసుకుని, నటేశన్ నగర్‌లో ఉండిపోయాను. ఆయన నన్ను "మే" అని పిలిచి "యాడికి" అంటే నేను "ఎక్కడికి" అంటాను. అత్తగారు "ఏంది" అంటే నేను "ఏంటండి" అంటాను. ఆ మాత్రం తేడాతో కాపురం సాఫీగానే నడిచిపోతోంది. చిక్కల్లా ఆయనకు కంగారు పుట్టినప్పుడు. కంగారులో ఆయన నోటికి తెలుగు రాదు, తమిళం వస్తుంది. నాకేమో మార్కెట్లో "వెంగాయం ఇరుక్కా" అని అడగడం, అవతలివాడు "ఇరుక్కు" అంటే ఉల్లిపాయలు ఉన్నాయన్నమాట అని సంచీ చాచడం వచ్చు. నా తమిళం అక్కడితో సరి.

ఆయన నడుములో డిస్కు జారింది. కదిర్కామం ఆసుపత్రిలో డాక్టరు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించి, మళ్ళీ గట్టి కుదుపు తగిలితే కాళ్ళు పడిపోవచ్చు అన్నాడు. అంత మాట అంత మామూలుగా ఎలా అన్నాడో! నడుముకు వెడల్పాటి పట్టీ ఇచ్చారు. రోజూ పొద్దున్నే దాన్ని బిగించి కట్టడం నా పని. పందేలు మానేస్తానని ఆయన నా తల మీద చెయ్యి పెట్టి మరీ చెప్పాడు. కొన్నాళ్ళకే ఓ ఆదివారం పొద్దున్న పాలు తేవడానికి తలుపు తీస్తే కారులో కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో హెల్మెట్టు. దిగమన్నాను. దిగలేదు. ఏడ్చాను. అయినా దిగలేదు. చివరికి నోటికొచ్చింది అనేశాను: నేను నడుపుతాను, మీరు పక్కన నిలబడి నేర్పించండి అని.

అలా మొదలైంది. నేను ఆ సీట్లో ఉన్నంతకాలం ఆయన అందులో కూర్చోడు. నాకు కావలసింది అంతే. గెలుపూ వద్దు, కప్పూ వద్దు, ఆయన కాళ్ళు ఆయనకుంటే చాలు.

అయితే ఆ సీట్లో ఉండటమే పెద్ద గండమైపోయింది. కారు కొన్నప్పుడు అత్తగారు ముచ్చటపడి కుట్టించిన రెక్సిన్ కవర్లు నున్నగా మెరుస్తుంటాయి. మొదటి మలుపులో జారి తలుపుకు కొట్టుకున్నాను, రెండో మలుపులో గేరు మీదికి వచ్చాను. నేను స్టీరింగు తిప్పడం లేదు, దాన్ని పట్టుకుని వేలాడుతున్నాను. కూర్చున్న చోట ఒళ్ళు కుదురుగా లేకపోతే కళ్ళు కూడా దారిని చూడవు, పట్టుకోవడానికి ఏదో ఒకటి వెతుక్కుంటాయి. దిగాక వాంతి చేసుకున్నాను. ఆయన ఇంటికి రాగానే కవర్లు పీకించాడు. అత్తగారు ఒక పూట అన్నం మానేశారు.

తర్వాత ఆయన ఒక కిటుకు నేర్పాడు. ముందు సీటును బాగా వెనక్కి జరపాలి. వీపు ఆన్చి కూర్చుని బెల్టు పెట్టుకుని, దాన్ని ఒక్క విసురుగా గుంజితే అది బిగుసుకుని ఇక వదులు కాదు. అప్పుడు సీటు కింది కడ్డీ పైకెత్తి కాళ్ళతో లాక్కుంటూ ముందుకు జరగాలి. ఎంత జరిగితే బెల్టు అంతగా తొడల మీదా నడుము మీదా నొక్కుకుంటుంది. ఇక పాతిన రాయిలా కూర్చున్న చోటే ఉంటాం. ఊపిరి సగమే ఆడుతుంది గానీ ఆ సగం ఊపిరిలో నాకు ధైర్యం దొరికింది. కడ్డీ వదిలాక సీటు టక్కుమని పట్టాలో పడాలి. అది పడిందో లేదో ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి సీటు ఊపి చూసేవాడు. వంగకూడదు కదా, కాబట్టి నిలబడే ఊపేవాడు. మా ఇంట్లో ఇద్దరికీ బెల్టులే. పొద్దున్న ఆయనది నేను బిగిస్తాను, ఆదివారం నాది ఆయన చూస్తాడు.

ఆ ఆదివారం గాలి విపరీతంగా ఉంది. కోన్లు ఎగిరిపోకుండా ఇసుక మూటలు పెడుతున్నారు. నా ముందు వెళ్ళినవాడు ఆలస్యం చేశాడని జెండా పట్టుకున్నాయన తొందరపెట్టాడు. నేను సీటు వెనక్కి జరిపి, బెల్టు గుంజి, ముందుకు జరిగాను. హెల్మెట్టులో నా ఊపిరి చప్పుడు తప్ప ఏదీ సరిగా వినపడటం లేదు. సీటు టక్కుమందా? అన్నట్టే అనిపించింది. మా ఆయన సీటు ఊపడానికి చెయ్యి పెట్టబోయేలోగా జెండా ఆయన జరగండి జరగండి అని వెనక్కి పంపేశాడు. మా ఆయన పోతూ పోతూ నా ఒడి వైపు చూసి ఒకటే అరిచాడు.

"ఇరుక్కు! ఇరుక్కు!"

ఉంది, ఉంది అంటున్నాడు, లాకు పడింది, అంతా సరిగ్గా ఉంది అనుకున్నాను. బొటనవేలు పైకెత్తి చూపించాను. జెండా దిగింది.

మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండోదీ తిరిగింది. మూడోదాని తర్వాత తిన్నటి దారి, దాని చివర గోడ, గోడకు అడ్డంగా పాత టైర్ల వరుస. అక్కడ గట్టిగా బ్రేకు తొక్కి ఎడమకు తిరగాలి. తొక్కాను. బ్రేకు కిందికి పోలేదు. నేనే వెనక్కి పోయాను.

ఎలా చెప్పను! సీటు నా కింద కదిలింది. ఎంత తన్నితే అంత వెనక్కి జారుతోంది. నేను పొట్టిదాన్ని. కాలు చాచితే మడమ గాల్లో ఉంది, బూటు కొన మాత్రం బ్రేకుకు ఆనీ ఆననట్టు తగులుతోంది. నడుము మీది బెల్టు వదులై ఒళ్ళో పడింది. గోడ వస్తోంది. నేను అరవలేదు. బల్లికి అరిచే మనిషిని. ఒకటే గుర్తుంది. నేను పోతే ఆయన మళ్ళీ ఈ సీట్లో కూర్చుంటాడు, ఆపేవాళ్ళుండరు అనుకున్నాను. చచ్చేముందు దేవుడు గుర్తొస్తాడంటారు, నాకు సీటు గుర్తొచ్చింది.

చేతికి హ్యాండ్‌బ్రేకు తగిలింది. రెండు చేతులా లాగాను. కారు అడ్డంగా తిరిగి, కీచుమంటూ జారి, ముందు మూల టైర్లకు గుద్దుకుని ఆగింది. ఆ ఊపుకు సీటు సర్రున ముందుకొచ్చి నన్ను స్టీరింగుకు అదిమింది. అప్పుడు వినపడింది, టక్కుమని. ఇప్పుడు పడింది పాడు లాకు.

దుమ్ములోంచి ముందుగా కనిపించింది ఆయనే. పరుగెత్తుతున్నాడు. మంచం మీంచి లేవాలంటే పక్కకు తిరిగి, చెయ్యి ఊనుకుని, మెల్లగా లేచే మనిషి ఇసుక మూటల మీంచి దూకుతూ వస్తున్నాడు. ఆగండి, ఆగండి అని లోపలినుంచి అరుస్తున్నాను. హెల్మెట్టులో ఆ అరుపు నాకే వినపడింది. గోడ వచ్చినప్పుడు కూడా అంత భయపడలేదు, నిజం. ఆయన వచ్చి కిటికీలోంచి నడుము దాకా లోపలికి వంగి నా భుజాలు పట్టుకున్నాడు.

"కాళ్ళు కదులుతుండాయా నీకి?"

నేను ఆయన్ని అడగాల్సిన మాట అది. కదులుతున్నాయన్నాను. ఆయన సరే అని లేవబోయాడు. లేవలేకపోయాడు. కళ్ళు పెద్దవయ్యాయి, పెదవులు తెల్లబడ్డాయి. వంగినవాడు వంగినట్టే కిటికీలో ఇరుక్కుపోయాడు. నా బెల్టేమో బిగుసుకుని ఊడిరావడం లేదు. ఆయన తల నా ఒళ్ళో ఉంది, నా చేతులు ఆయన వీపు మీద ఉన్నాయి, నడుము పట్టీ తడిసిపోయి ఉంది. జనం వచ్చి ఇద్దర్నీ విడదీసేదాకా మేము అలాగే ఉన్నాం. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. వాళ్ళ అమ్మగారు మొక్కే దేవుళ్ళకు కూడా మొక్కాను.

కదిర్కామానికి తీసుకెళ్తుంటే బండిలో పడుకోబెట్టిన చోటునుంచి మెల్లగా అడిగాడు.

"బెల్టు ఇరుక్కు ఇరుక్కు అని అరస్తా వుంటే, బొటనేలు చూపించి పోతావేంది?"

ఉంది ఉంది అంటే బాగుందనుకున్నా కదండీ అన్నాను. తమిళంలో ఇరుక్కు అంటే ఉంది అనే కాదట, బిగించు అని కూడానట. సీటు లాకు పడక కాస్త వెనక్కి జరగడంతో నా ఒళ్ళో బెల్టు కొంచెం వదులుగా ఉండటం ఆయన చూశాడు. బిగించుకోమని మొత్తుకున్నాడు. పదేపదే అదే మాట అంటే నాకు పదేపదే భరోసా ఇస్తున్నాడనుకున్నాను. ఆయనకు నవ్వొచ్చింది గానీ నవ్వితే నడుము నొప్పి. నాకు ఏడుపొచ్చింది, ఏడిస్తే ఆయన కంగారుపడతాడు. బండి కుదుపులకు ఆయన కదలకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

కాళ్ళు పడిపోలేదు. ఆ మాట డాక్టరు నోటివెంట వచ్చేదాకా నేను మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కానీ కుడికాలి బొటనవేలు మొద్దుబారిపోయింది. గిల్లినా తెలియదు. స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, రాకపోతే మెల్లగా పైకి పాకనూ వచ్చు అన్నారు. ఇంటికొచ్చాక ఆయనే హెల్మెట్టు అటకెక్కించమన్నాడు. నేను వెంటనే ఎక్కించాను. కారు ముందు మూల సొట్ట అలాగే ఉంది. అత్తగారు రెక్సిన్ కవర్లు మళ్ళీ తొడిగించారు.

రోజూ పొద్దున్న నా పని రెండింతలైంది. ముందు వేలు గిల్లుతాను. తెలుస్తోందా అని అడుగుతాను. లేదంటాడు. చీపురు పుల్లతో గుచ్చుతాను, ఐసు ముక్క పెడతాను. లేదంటాడు. ఆ లేదు విన్నాక వంటింట్లోకి వెళ్ళి కుక్కరు విజిల్ వచ్చేదాకా అక్కడే నిలబడి, మొహం సర్దుకుని వచ్చి పట్టీ కడతాను. రాత్రికి రాత్రి అది మడమ దాకా, మోకాలి దాకా వచ్చేసి ఉంటుందేమోనని పొద్దున్న కళ్ళు మూసుకుని దుప్పటి తీసేదాన్ని. అడగడం మానేద్దామనుకున్నాను కూడా. అడక్కపోతే లేదు అని వినే బాధ ఉండదు కదా.

ఒక రోజు నిజంగానే అడగలేదు. ఆఫీసుకు ఆలస్యమవుతోంది. ఆయన్ని గోడ పట్టుకోమని నిలబెట్టి, ఎదురుగా నిలబడి పట్టీ లాగుతున్నాను. ఆయన ఊపిరి బిగబట్టాడు.

"ఇరుక్కు," అన్నాడు.

ఇప్పుడు నాకు ఆ మాట బాగా తెలుసు. ఇంకాస్త బిగించాను.

"ఇరుక్కు, మే."

మోకాలు గోడకు తన్నిపెట్టి ఉన్న బలమంతా పెట్టి లాగాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఆపాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"ఆ ఇరుక్కు కాదు మే. కిందికి చూడు. నా వేలు తొక్కతా వుండావు."

చూశాను. నా పాదం కింద ఆయన కుడికాలి బొటనవేలు ఉంది. నేను కాలు తీయలేదు.