మాస్టారు సరిచేసిన తెరలు

ఫోటో ఆల్బమ్‌లు అచ్చువేసే ఆ ల్యాబ్‌లో ఆయన్ని అందరూ మాస్టారనే పిలిచేవారు. ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. పంతొమ్మిదేళ్లుగా పెళ్లి ఫోటోల్లో మొహాలకు రంగు సరిచేసీ చేసీ సంపాదించుకున్న పేరది. ఆ పేరు మెల్లగా తలకెక్కింది. దించేవాళ్లెవరూ లేక అక్కడే కాపురం పెట్టింది.

ల్యాబ్‌లో నాలుగు కంప్యూటర్లు. ఒక్కో తెర ఒక్కో తీరుగా రంగులు చూపిస్తుంది. ఏ తెర ఏ రంగును ఎలా చూపాలో చెప్పడానికి కలర్ ప్రొఫైల్ అనే చిన్న ఫైలు ఉంటుంది. దాన్ని తయారుచేయడానికి, తెరకు తగిలించి రంగులు కొలిచే గుప్పెడంత పరికరాన్ని ఓనరు ఎప్పుడో కొన్నాడు. మాస్టారు దాన్ని సొరుగులో పడేసి, "కళ్లున్నవాడికి ఇదెందుకండీ?" అన్నాడు. ఓనరు నవ్వి ఊరుకున్నాడు.

మాస్టారి కొలత గోడమీద ఉండేది. ఆయన టేబులు పక్కన, ట్యూబ్‌లైటు కింద, టేపుతో అంటించిన ఫోటో. అందులో ఆయన భార్య, ఆమె భుజంమీద గడ్డం ఆనించి నవ్వుతున్న చెల్లెలు. చెల్లెలికి అప్పుడు పదమూడేళ్లు, ఒంటిమీద తెల్లటి బడి చొక్కా. పన్నెండేళ్ల కిందట ఆయనే తీసి, ఆయనే అచ్చువేశాడు. ఏటేటా అదే ఫోటోను తెరమీద తెరిచి, గోడమీది దానితో పోల్చి చూసుకుంటూ రంగులు పెంచీ తగ్గించీ, రెండూ ఒకేలా కనబడ్డాక ఆ ప్రొఫైల్‌ని నాలుగు కంప్యూటర్లలోనూ ఎక్కించేవాడు. ఆ ఫైలుకు "మాస్టారు" అని పేరు కూడా పెట్టుకున్నాడు మహానుభావుడు.

ఫోటోలోని ఆ చెల్లెలు పెద్దదై, మూడేళ్లుగా అదే ల్యాబ్‌లో బావ పక్క టేబులు దగ్గర పనిచేస్తోంది. తీసుకొచ్చి చేర్చింది బావే, పని నేర్పిందీ బావే. కానీ ఆ పిల్లకు కళ్లతోపాటు బుర్ర కూడా ఉంది. మాస్టారు సెలవుపెట్టిన ఒకరోజు సొరుగులోంచి పరికరం తీసి, తన తెరను కొలిచి, కొత్త ప్రొఫైల్ పెట్టుకుంది. మర్నాడు ఆమె చేసిన ఫోటోలు తన తెరమీద చూసి మాస్టారు ఒంటికాలిమీద లేచాడు.

"ఏమిటీ పసుపు? అందరికీ కామెర్లొచ్చాయా?"

"పసుపు ఫోటోల్లో లేదు బావా, మీ తెరలో ఉంది. గోడమీది ఆ ఫోటో వెలిసిపోయింది. నా చొక్కా చూడండి, టీలో ముంచినట్టు లేదూ?"

"నీ చొక్కా ఎలా ఉండేదో నాకు తెలీదా? తీసింది నేను!"

అందరూ చూస్తుండగానే ఆమె ప్రొఫైల్ పీకేసి తనది పెట్టాడు.

పది రోజులు తిరక్కుండా ఆమె టేబులు నుంచి వెళ్లిన పెళ్లి ఆల్బమ్ వెనక్కి వచ్చింది. పెళ్లికూతురి తల్లి దాన్ని కౌంటరుమీద గిరాటేసి, "ఇది నా కూతురా, నీళ్లలోంచి తీసిన శవమా?" అని అరిచింది. మొహాలన్నీ నీలం కొట్టుకుపోయి ఉన్నాయి. తెర అంతా పసుపుగా చూపిస్తుంటే చేసేవాళ్లు కంటికి బాగుందనిపించేదాకా నీలం కలుపుతూ పోతారు, ఇంకేం చేస్తారు! మాస్టారి చేతిమీదుగా వెళ్లినవీ కొంతకాలంగా అలాగే ఉంటున్నాయి. ఆయన మాత్రం వాటిని తన టేబులుమీది పసుపు బల్బు కింద చూసుకుని మురిసిపోయేవాడు. ఆయన ముందు నోరెత్తే ధైర్యం ఎవరికుంది?

"తప్పెవరిది మాస్టారూ?" అని ఓనరు అడిగాడు.

మాస్టారు మరదలివైపు చూడకుండా, "అమ్మాయికి ఇంకా చెయ్యి తిరగలేదండీ," అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె ఉద్యోగం పోయింది.

ఇంట్లో భార్య నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదోరోజు బీరువాలోంచి పాత ఆల్బమ్ తెచ్చి ఆయన ముందు తెరిచింది. అదే ఫోటో, అదే రోజు వేసిన రెండో ప్రతి. ఇన్నేళ్లూ వెలుతురు ముఖం చూడలేదు. ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. చొక్కా తెల్లగా ఉంది.

"రేపు వెళ్లి ఓనరుగారికి చెప్పండి. అది మళ్లీ పనిలోకి రావాలి," అంది భార్య.

"చెప్తాలే."

మర్నాడు అందరికంటే ముందే వెళ్లి, పరికరాన్ని తెరకు తగిలించి, కొత్త ప్రొఫైల్ చేసి ఎక్కించాడు. తెర ఏమీ మారలేదు. తప్పు పరికరానిదేనేమోనని ఒక్క క్షణం ఆయనకు ప్రాణం లేచొచ్చింది, సిగ్గులేకుండా. ఆపైన సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే, జాబితాలో కొత్తది కింద ఊరికే పడి ఉంది, కంప్యూటరు వాడుతున్నది ఇంకా "మాస్టారు"నే. దాన్ని జాబితాలోంచి తీసేశాడు. కళ్లముందే పన్నెండేళ్ల పసుపు దిగిపోయింది. నాలుగు తెరలూ అలాగే సరిచేసి, గోడమీది ఫోటో ఊడబీకి జేబులో పెట్టుకున్నాడు.

ఆరోజు ఓనరు తీరిగ్గా లేడు. మర్నాడు మాస్టారికే నోరు రాలేదు. అలా అలా రెండు వారాలు గడిచాక ఓనరే కొత్త ఆల్బమ్ పట్టుకుని ఆయన టేబులు దగ్గరికి వచ్చాడు.

"చూశారా మాస్టారూ! ఆ అమ్మాయి వెళ్లాక మొహాలు ఎంత చక్కగా వస్తున్నాయో!"

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. చెబితే పంతొమ్మిదేళ్ల పేరు పోతుంది. గుప్పెడంత పరికరం చేసే పనికి మాస్టారెందుకని రేపు అడిగినా అడుగుతారు. చెప్పకపోతే తనకేమీ పోదు. ఆయన తలూపాడు. "అవునండీ," అని కూడా అన్నాడు. ఆ మాట ఎవరూ అడగలేదు.

సాయంత్రం గుమ్మంలోనే భార్య అడిగింది. "ఇవాళైనా చెప్పారా?"

"తెరలన్నీ సరిచేశాను. ఇక ఎవరి మొహమూ పాడవదు."

"నేనడిగింది తెరల గురించా?"

ఆయన చెప్పులు విప్పడంలో మునిగిపోయినట్టు వంగే ఉన్నాడు. ఆమె లోపలికెళ్లి చెల్లెలికి ఫోన్ చేసింది. ఆమె మాటలు గుమ్మందాకా వినిపిస్తూనే ఉన్నాయి.

"ఇంకెక్కడైనా పని చూసుకోవే. మీ బావ చెప్పడు."