అత్త ఊరికే కూర్చున్న సమయం

నా చిన్నప్పుడు, నాకు పదేళ్లు ఉండగా, మా చెల్లెలు తిండి మానేసింది. దానికప్పుడు ఏడాదిన్నర. పట్టుకున్న విరేచనాలు తగ్గాయి గానీ ఆకలి తిరిగి రాలేదు. జొన్నరవ్వ ఉడికించిన గటక ముద్ద నోట్లో పెడితే నాలుకతో బయటికి తోసేది. నీళ్లు పోసి పలుచన చేస్తే నాలుగు గుక్కలకే పొట్ట నిండి, అరగంట తిరగకముందే మళ్లీ ఏడ్చేది. గద్వాల దవాఖానలో డాక్టరమ్మ దాన్ని తూచి, పదిహేను రోజుల్లో బరువు పెరగకపోతే తెచ్చి చేర్పించమన్నది. అంతకు ముందు ఏడాది మా వీధిలో ఒక పాప ఇలాగే తిండి మానేసి దక్కలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు.

అవి విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లో క్రాసింగ్, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని, జరిగే రోజులు. పువ్వు విచ్చిన పూటే పని అయిపోవాలి. అమ్మ తెల్లవారక ముందే పోయి మధ్యాహ్నం దాటాక వచ్చేది. చెల్లెలిని మా మేనత్త చూసుకునేది. అయిజ దగ్గర మా ఊళ్లోనే ఆమె అంగన్‌వాడీ టీచరు. బడి అయిపోయాక నేనూ అక్కడికే పోయేవాణ్ణి.

ఒక ఆదివారం అత్త మా ఇంటికి ఒక డబ్బా తెచ్చింది. అందులో తైదల పిండి. తైదలంటే రాగులే. వాటిని నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక నీడలో ఆరబెట్టి, మొలకలు నలిపి తీసేసి తిరగలిలో విసిరిన పిండి అది. అమ్మ వండిన గటకను కుండ దించిన కాసేపటికి రెండు గ్లాసుల్లో సమానంగా పోసింది. గరిట నిలబెడితే నిలబడేంత చిక్కన. ఒక గ్లాసులో మాత్రం చెంచాడు పిండి కలిపింది. చెల్లెలిని ఒళ్లో వేసుకుని, తల దువ్వుతూ కూర్చుంది. కొంతసేపయ్యాక రెండు గ్లాసులనూ పళ్లాల్లో బోర్లించింది. ఒకటి ముద్దలా పడింది. రెండోది పాలలా పారింది.

“నీళ్లు గిట్ల కలిపినవా వదినా?” అని అమ్మ అనుమానంగా అడిగింది.

“నీ కొడుకు కండ్లు నా చేతి మీదనే ఉండె. వాన్నే అడుగు.”

నేను నిజంగానే కన్ను ఆర్పలేదు. చుక్క నీరు పడలేదు. అప్పుడు అత్త చెప్పింది: “మొలకొచ్చేటప్పుడు గింజ తన బువ్వను తనే నమిలి మొలకకు పెడ్తది. గా నమిలే గుణం గీ పిండిల ఉంటది. మా కోడలికి ఓపిక లేదు గదా, గిది నమిలి పెడ్తది.”

పారిన గటకను మళ్లీ ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి, చెంచాతో పట్టింది. చెల్లెలు సగం గ్లాసు తాగి నిద్రపోయింది. చిక్కటి గటకలోని బలమంతా అందులో ఉంది.

ఏదైనా వరసగా రాసిపెట్టుకోవడం నాకు అప్పటి నుంచే అలవాటు. నోటుబుక్కులో రాసుకున్నాను. ఒకటి, నీళ్లు మరగాలి. రెండు, రవ్వ పోసి ఉడికించాలి. మూడు, చెంచాడు పిండి కలపాలి. నాలుగు, పొంగు రావాలి. ఐదు, చల్లార్చి తాగించాలి.

ఆరో రోజు అత్తకు గద్వాలలో మీటింగు. చెల్లెలు నా వంతు. రాసుకున్నది రాసుకున్నట్టే చేశాను. పొయ్యి మీద కుతకుత ఉడుకుతున్న గటకలో పిండి వేశాను. పలుచబడలేదు. ఇంకో రెండు చెంచాలు వేస్తే మరింత చిక్కబడింది. భయపడి నీళ్లు పోశాను. చెల్లెలు కాస్త తాగింది, మళ్లీ ఏడ్చింది, ఏడ్చి ఏడ్చి పడుకుంది.

సాయంత్రం అత్త వచ్చేసరికి నేను గడపలో కూర్చుని ఉన్నాను. పిండి చెడిపోయిందని చెప్పాను. ఆమె నోటుబుక్కు అడిగి చదివింది.

“అన్నీ రాసినవు అల్లుడా. నేను కూసున్నది రాయలే.”

“ఊకె కూసుంటివి గద అత్తా. అండ్ల రాయనీకి ఏముంది?”

“గప్పుడే పని అయ్యేది. మసిలే దాంట్ల ఏస్తే గా గుణం సచ్చిపోతది. వేలు పెడితే ఓర్చుకునేంత కావాలె. ఆనక దాని పని దాన్ని చేసుకోనియ్యాలె. పని అయినంక ఎంత పొంగిచ్చినా ఏం కాదు.”

తిట్టలేదు. మళ్లీ వండించింది, నా వేలే పెట్టించింది. పిండి కలిపాక గ్లాసు కేసి చూస్తూ కూర్చోబోతే, చెల్లెలిని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అంత తేలికగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. దాని వేళ్లు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఎన్నిసార్లు లెక్కపెట్టానో గానీ, గ్లాసు వంచి చూస్తే గటక పారింది.

పదిహేనో రోజు దవాఖాన తూకంలో ముల్లు పోయినసారి కంటే ముందుకు కదిలింది. చేర్పించనక్కర్లేదు, ఇలాగే పెట్టండి అన్నది డాక్టరమ్మ. ఆ రోజు బస్సులో అమ్మ ఊరొచ్చే దాకా మాట్లాడుతూనే ఉంది.

ఇప్పుడు నేను వనపర్తిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. గింజలోని ఆ నమిలే గుణాన్ని ఎంజైము అంటారని, దాని పేరు అమైలేజు అని, అలాంటిదే మన ఉమ్మిలోనూ క్లోమంలోనూ ఉంటుందని తర్వాత చదువుకున్నాను. క్లోమం వాస్తే రక్తంలో దాని కొలత పెరుగుతుంది. ఆ కొలత తీసేటప్పుడు నమూనాను ఒంటి వేడి దగ్గర కొద్ది నిమిషాలు ఉంచాలి. ఆ కాసేపు చేయడానికి ఏమీ ఉండదు. బయట బెంచీ మీద ఉన్నవాళ్లు కిటికీలోంచి చూసి, “ఊకెనే కూసున్నవు, జర తొందరగ చూడు సారూ” అంటారు. నాకు కోపం రాదు. వాళ్ల ఒళ్లోనూ ఎవరో ఒకరు ఉంటారు.

ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. మూడుకూ నాలుగుకూ మధ్య అత్త పెన్సిలుతో ఇరికించి రాసిన మాట ఇంకా చెరిగిపోలేదు: “పిల్లను ఒళ్ల పెట్టుకోని కూసో.”