బోధన్ ఎండలో కోస్తా గంజి

1966 ఎండాకాలం నాటి సంగతి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి పోయే దారిలో మాకొక ఇస్త్రీ దుకాణం ఉండేది. ఉతకడం, గంజి పెట్టడం నా వంతు. బొగ్గుల ఇస్త్రీపెట్టె పట్టుకోవడం మా ఆయన మల్లయ్య వంతు. గంజి అంటే అన్నం వార్చిన నీళ్లే అనుకుంటారు చాలామంది. ఇంట్లో గుడ్డలకు అది సరిపోతుంది. దుకాణంలో మాత్రం సగ్గుబియ్యం ఉడికించి, గుడ్డలో వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి పెడతాం. ఫ్యాక్టరీ ఆఫీసర్లు దాన్నే స్టార్చ్ అనేవారు.

కాలువ కింద భూములు కొనుక్కొని కోస్తా నుంచి వచ్చినవాళ్లు ఊరి బయట ఇళ్లు కట్టుకున్నారు. వాటిని క్యాంపులంటాం. ఒక క్యాంపులో సీతారావమ్మ గారని ఉండేది. భర్త పోయాక ఒక్కగానొక్క కొడుకు గోపాలంతో చెరుకు, వరి సేద్యం చేయించేది. అబ్బాయికి సొంతవైపు పిల్లనే చేసుకోవాలని ఆమె పట్టు. అటువైపు వాళ్లేమో, “ఆ రాళ్ల దేశానికి పిల్లనివ్వం” అని రెండు సంబంధాలు వెనక్కి తిప్పారు. ఇప్పుడు మూడో సంబంధం. పిల్ల తండ్రి రాఘవయ్య గారు అబ్బాయినీ, ఊరినీ చూసుకోవడానికి స్వయంగా వస్తున్నాడు.

ముందురోజు సీతారావమ్మ గారు మూట తెచ్చి నా ముందు పెట్టింది. నా పేరు రాజవ్వ. ఆమె నోటికి మాత్రం ఎప్పుడూ రాజమ్మనే.

“చూడు రాజమ్మా, వానాకాలంలో నువ్వు పెట్టిన గంజి మధ్యాహ్నానికే చచ్చింది. ఈసారి రెండింతలు పెట్టు. పంచె నిలబెడితే నిలబడాలి.”

“అమ్మా, ఎండలు ముదిరినయ్. గంత గంజి పెడితే పంచె రేకు లెక్క అయితది.”

“గంజి సంగతి మాకు తెలీదా? మా ఊళ్లో ఎంత దట్టించినా సాయంత్రానికి వేలాడిపోతుంది!”

ఆమె పోయాక మల్లయ్య అన్నాడు: “అడిగింది పెట్టు. నీదేం పోయింది? తెల్లగ, గట్టిగ ఉంటే పిల్ల తండ్రి ఖుష్ అయితడు.”

పెట్టాను.

మరునాడు బట్టలిచ్చి, వంటింట్లో సాయానికి నేనూ, బయట పనులకు మల్లయ్యా అక్కడే ఉండిపోయాం. గోపాలం పంచె మడత విప్పుతుంటే పరపరమని తాటాకు చీల్చిన చప్పుడు. కుచ్చిళ్లు దోపుకొంటే అవి ముందుకు పొడుచుకొచ్చాయి. లాల్చీ భుజాల మీద ఆనలేదు, చెవుల దాకా లేచి నిలబడింది.

“అమ్మా, నేను దీన్ని కట్టుకున్నానా, ఇది నన్ను కట్టుకుందా?”

“నోరుమూసుకుని నడువు. దొరబాబులా ఉన్నావు.”

రాఘవయ్య గారు పొద్దున్నే దిగి, స్నానం చేసి, తన ఊరి చాకలి గంజి పెట్టిచ్చిన పంచె, లాల్చీ వేసుకొని వసారాలో బల్ల మీద కూర్చున్నాడు. వేడిగాలి మొదలైంది. ఆయన పెదాలు తడుపుకుంటూ ఆకాశంకేసి అనుమానంగా చూస్తున్నాడు.

“ఇదేం ఊరండీ! తువ్వాలు పిండి బావి దగ్గర్నుంచి వచ్చేలోగా ఆరిపోయింది. నాకు చెమట కూడా పట్టడం లేదు. ఒంట్లో ఏదన్నా తేడా చేసిందా?”

మల్లయ్య ఊరుకుంటేగా! “పడ్తంది బాపూ. పట్టంగనే ఆరిపోతంది, మీరు సూస్తలేరు.”

ఆయనకు ఆ మాట ధైర్యమివ్వలేదు. “మా వైపు నాలుగడుగులు తవ్వితే నీళ్లు. ఇక్కడ చేలు నెర్రెలిచ్చి నోళ్లు తెరిచి ఉన్నాయి. అటు చూస్తే బండల గుట్టలు. పచ్చటి కొబ్బరితోటల్లో పెరిగిన పిల్ల ఎలా ఉంటుందమ్మా ఇక్కడ?”

“ఇక్కడ ఊరగాయ బూజు పట్టదు అన్నయ్యగారూ. జాడీలో ఉప్పు చెమ్మగిల్లదు. గాలివానకి ఇంటికప్పు ఎగిరిపోదు,” అంది సీతారావమ్మ గారు.

“సముద్రం లేదు కదా!”

“లేదు కాబట్టే తుపాను రాదు.”

ఇంతసేపూ గోపాలం స్తంభంలా నిలబడే ఉన్నాడు. కూర్చుంటే ఏమవుతుందో వాడికి తెలుసు. రాఘవయ్య గారు అది గమనించి మెత్తబడ్డాడు.

“ఈ రోజుల్లో పెద్దల ముందు కూర్చోని కుర్రాణ్ణి ఎక్కడా చూడలేదు!”

“చిన్నప్పటినుంచీ అంతేనండి,” అంది సీతారావమ్మ గారు. నేను నవ్వు ఆపుకోలేక పొయ్యివైపు తిరిగాను.

“పర్వాలేదు బాబూ, కూర్చో.”

తప్పదు. గోపాలం మోకాళ్లు వంచీ వంచకుండా బల్ల మీదికి దిగాడు. ఫట్! ఇస్త్రీ మడత వెంబడి పంచె మోకాలి దగ్గర చీలిపోయింది.

“అయ్యయ్యో!” అని రాఘవయ్య గారు ముందుకు వంగాడు. ఫట్! ఈసారి ఆయన లాల్చీ, వీపు మీద.

సీతారావమ్మ గారి మొహం చూస్తే మూడో సంబంధం కూడా రైలెక్కిపోయినట్టే ఉంది. రాఘవయ్య గారు తన చేతిని తడుముకున్నాడు. లాల్చీ చెయ్యి రేకులా టకటకలాడింది.

“పొద్దున వేసుకున్నప్పుడు మెత్తగానే ఉందే! ఇందాకట్నుంచి కాళ్లు బిగుసుకుంటున్నాయి, పక్షవాతమేమోనని భయపడి చస్తున్నా. ఈ పంచె పనా ఇది!”

మల్లయ్య చేతికి అలవాటైన పని ఒకటే. గట్టిపడ్డ గుడ్డ కనబడితే నీళ్లు చిలకరించాలి. చెంబు తీసుకొని, ఇస్త్రీకి ముందు చల్లినట్టే, రాఘవయ్య గారి మీద చల్లడం మొదలుపెట్టాడు.

“మల్లయ్యా! పెద్దమనిషి మీదా!” అని సీతారావమ్మ గారు అరిచింది.

“బట్ట మీద సల్లుతున్ననమ్మా, బాపు మీద గాదు.”

రాఘవయ్య గారు కళ్లు మూసుకున్నాడు. “ఇంకాస్త చల్లవయ్యా. ఇంటికెళ్లినట్టుంది. మా ఊళ్లో ఈ పని సముద్రపు తేమగాలే చేసిపెడుతుంది.”

అంతే, గోపాలం పకపకా నవ్వేశాడు. ఆయనా నవ్వాడు. “నీ వినయం ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. నాదీ చిరిగింది కనుక నిన్ను అనడానికి నాకు నోరు లేదు,” అని వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని పంట సంగతులు అడిగాడు. చివరికి నన్ను పిలిచాడు.

“నువ్వీ ఊరిదానివి, చెప్పమ్మా. మా పిల్ల ఇక్కడ ఉండగలదా?”

“ఉంటది బాపూ. కాల్వ పారే ఊరు. ఎండలల్ల జర తడి తువ్వాల మెడకేసుకోవాలె. గీ అమ్మ ఇన్నేండ్ల సంది ఉంటలేదా? గా ఊరి గంజి ఒక్కటే ఇంక మర్వలేదు.”

సీతారావమ్మ గారు నన్ను కొట్టడానికి చెయ్యెత్తి, నవ్వుతూ దించేసింది.

పెళ్లి వాళ్ల ఊళ్లోనే అయింది. ఆ బట్టలకు ఆమె అడక్కముందే రెండింతల గంజి పెట్టి పంపాను. తాళి కట్టే వేళకు సరిగ్గా మెత్తబడ్డాయని తిరిగొచ్చాక తనే చెప్పింది.

మరుసటి ఎండాకాలం కొత్తకోడలు దుకాణానికి వచ్చింది. మెడలో తడి తువ్వాలు, చేతుల్లో రెండు మూటలు.

“రాజవ్వా, ఇవి ఇక్కడ కట్టుకునేవి, వీటికి గంజి వద్దు. ఇవి పుట్టింటికి తీసుకెళ్లేవి, వీటికి దట్టించు.”

అత్తకు ఇన్నేళ్లకు ఒంటబట్టనిది పిల్లకు వచ్చీ రాగానే వచ్చేసింది. మేమూ అప్పటినుంచి గంజి ఎంత పెట్టాలో ఎవరినీ అడగలేదు. మూట విప్పగానే మల్లయ్య అడిగేది ఒకటే: “ఏ ఊర్ల కట్టుకుంటరు?”